జరుపుడు మాస్టారి గది

మా మామయ్యకు ఒకటే జబ్బు. ఏ వస్తువూ ఉన్నచోట ఉండకూడదు. నిన్న కిటికీ కింద ఉన్న మంచం ఇవాళ తలుపు పక్కకు వస్తుంది. బీరువా వంటింట్లోకి నడుస్తుంది. "ఇలా జరిపితే గాలి బాగా ఆడుతుంది" అంటాడు. ఆ గాలి మాకెవరికీ తగిలిన పాపాన పోలేదు.

పెళ్లయిన కొత్తలో అత్తయ్య, కుర్చీ ఉందనుకుని కూర్చుని నేలమీద పడిందట. అప్పట్నుంచి చేత్తో తడిమి చూసుకోకుండా ఎక్కడా కూర్చోదు. బస్సులో కూడా అంతే.

బడిలోనూ ఆయనది అదే వరస. ఆయన సోషల్ మాస్టారు, పక్క గదిలో నేను లెక్కలు చెబుతాను. ఆయన బల్లలు ఈడ్చే మోతకి నా లెక్కలన్నీ తప్పేవి. పిల్లలు ఆయనకు జరుపుడు మాస్టారని పేరు పెట్టారు.

అలాంటిది కొన్నాళ్లుగా పక్క గదిలో చడీచప్పుడూ లేదు. ఇంట్లో మాత్రం పూనకమే.

"మీ మామయ్యకేమైందిరా? పొద్దున ఉన్న ఇల్లు సాయంత్రానికి ఉండట్లేదు" అంది అత్తయ్య.

"బడిలో పుల్ల కూడా కదపట్లేదత్తయ్యా."

"అదే, ఎందుకో కనుక్కో."

నాకూ ఆత్రం ఆగలేదు. మర్నాడు పెందలాడే బడికి వెళ్లి తొంగిచూశాను. మామయ్య నేలమీద బోర్లా పడుకుని ప్రతి బల్ల కాలి చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తున్నాడు.

"ఏంటి మామయ్యా ఇది?"

"అక్కడే ఉండు. తొక్కితే చెరిగిపోతుంది. ఊడ్చేటప్పుడు బల్లలు జరుగుతాయి కదా, మళ్లీ ఉన్నచోటే పెట్టాలి."

అప్పుడు చెప్పాడు. ఆ తరగతిలో కొత్తగా చేరిన అమ్మాయికి చూపు లేదు. కొద్దిరోజుల్లోనే గదంతా నడిచి నేర్చుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తన చోటికి వెళ్లేది, నీళ్లు ముంచుకునేది. ఒకనాడు మామయ్య అలవాటుకొద్దీ మంచినీళ్ల బల్ల జరిపాడు. ఆ పిల్ల దానికి కొట్టుకుని అందరి ముందూ పడింది. మర్నాడు రాలేదు. మామయ్య ఆ పిల్ల ఇంటికి వెళ్తే, "నేనింక బడికి రాను మాస్టారూ. గది రోజుకోలా ఉంటే ఎలా నడవను?" అందట.

"మరి నువ్వేమన్నావు?"

"నువ్వు చెప్పేదాకా ఏదీ కదలదమ్మా అని మాటిచ్చాను. వచ్చింది." మామయ్య చేతులు నలుపుకున్నాడు. "బడిలో ఎలాగో ఆపుకుంటున్నాను. ఆ దురదంతా ఇంటికెళ్లి తీర్చుకుంటున్నా. మీ అత్తయ్యకి తడిమి చూసుకోవడం అలవాటేగా."

నాకు నవ్వొచ్చింది. ఆయన్ని చూస్తే ముద్దూ వచ్చింది.

మొన్న సుద్దముక్క కోసం ఆ గదికి వెళ్లాను. ఆ అమ్మాయి నీళ్లు తాగుతూ ఆగింది.

"మాస్టారూ, ఇక్కడ ఎండ పడి నీళ్లు వేడెక్కుతున్నాయి. ఈ బల్ల ఆ మూలకి జరుపుదామా?"

మామయ్య గబుక్కున లేచాడు. "నిజంగానా?"

"ఊఁ. నేనూ ఒక చివర పట్టుకుంటాను. ఎక్కడ పెట్టామో నాకు తెలుస్తుంది."

ఇద్దరూ కలిసి జరిపారు. ఆమె కొత్త దారిలో అటూ ఇటూ నడిచి చూసుకుంది. మామయ్య మొహం వెలిగిపోతోంది.

"ఆ పుస్తకాల బీరువా కూడా..." అన్నాడు ఆశగా.

"అది వచ్చేవారం చూద్దాం మాస్టారూ."

ఆ సాయంత్రం అత్తయ్య కూర్చోబోతూ కుర్చీని తడిమింది. పొద్దున ఉన్నచోటే ఉంది. నమ్మకం లేక మళ్లీ తడిమి, మామయ్య నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"