రేచెలక్క ట్రే

కోసి తీసిన అవయవాలు నిలవ ఉంచే ఫార్మలిన్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందు రేచెలక్క గొంతే వినిపిస్తుంది. డర్బన్‌కు దూరంగా, లేడీస్మిత్ అనే ఊళ్ళో నేను సర్జన్‌గా పనిచేసిన ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌కు ఆవిడే పెద్ద సిస్టర్. సముద్రతీరాన టోంగాట్ చెరకు తోటల్లో కూలికొచ్చి పనిచేసిన తెలుగువాళ్ళ మనవరాలు. తాతలు రాముడికి మొక్కితే, ఈవిడ ఆదివారం చర్చిలో చేతులెత్తి పాడేది. మామూలుగా ఇంగ్లీషే, తిట్టేటప్పుడు మాత్రం తెలుగు బయటికొచ్చేది. ఆ దేశంలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ ఓటేసిన తొలి ఎన్నికల మరుసటి ఏడు, గుంటూరులో చదివానన్న పొగరుతో దిగిన నాకు ఆ తెలుగు బాగానే దక్కింది.

మొదటి వారం రాళ్ళున్న పిత్తాశయం ఒకటి తీసి, ల్యాబుకు పంపేయమన్నాను. ఆవిడ దాన్ని ట్రేలో పెట్టి, పక్కన కత్తెర ఉంచి, నా ముందుకు తోసింది.

“కోసి సూడు, తమ్ముడూ.”

“ల్యాబువాళ్ళు చూస్తారు కదక్కా.”

“ల్యాబ్ డర్బన్‌లో ఉన్నాది. పేషెంట్ ఇక్కడ ఉన్నాది. కడుపు మూసేముందు నువ్వు సూడు.”

రాళ్ళ చాటున కేన్సర్ నక్కి ఉండొచ్చని పుస్తకంలో చదివాను. లోపలి గోడను వేలితో తడిమి చూడడం నేర్పింది మాత్రం ఆవిడే. చూశాక రాళ్ళు కడిగి, చిన్న సీసాలో వేసి రోగికి ఇచ్చేది. నాలుగేళ్ళు ఆ ట్రే తప్పలేదు. విసుక్కున్నాను కూడా.

తరువాత రాళ్ళు ఆవిడకే వచ్చాయి. “నువ్వే కోయాల” అంది. ఆపరేషన్ సాఫీగా జరిగింది. పిత్తాశయాన్ని కోసి చూడకుండా తిన్నగా ఫార్మలిన్‌లో వేయించేశాను. ట్రే ఎవరూ పెట్టలేదు. పెట్టే మనిషి బల్ల మీద ఉంది.

తెలివి రాగానే “సూసినావా?” అని అడిగింది. “చూశానక్కా, శుభ్రంగా ఉంది” అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

చూశానన్న ధీమా నటించి నటించి ల్యాబు రిపోర్టు సంగతే మరిచాను. రెండు నెలలకు కాగితాల దొంతరలో దొరికింది. కేన్సర్, గోడ దాటేసింది. కాలేయంలో కొంత ముక్క తీయాలని డర్బన్‌లో మళ్ళీ కడుపు తెరిచారు. అప్పటికే అంతటా పాకింది. ఏమీ తీయకుండానే కుట్టేశారు. ముందే తెలిస్తే బతికేదా? చెప్పలేను, అది మొండి జబ్బు. కాని ఆ రెండు నెలలు ఆవిడవి, నేను పోగొట్టాను.

“నేను చూడలేదక్కా” అన్నాను, ఆవిడ మంచం పక్కన కూర్చుని.

“తెల్సు. నా రాళ్ళు తేలేదు గదా.”

“మరి అప్పుడే అడగలేదేం?”

“అయినా నువ్వు నాకు అబద్ధం సెప్పవని అనుకున్న.”

క్షమించానని ఆవిడ అనలేదు. అడిగే ముఖం నాకు లేదు. నెల తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్ర డాక్టర్లు “ల్యాబువాళ్ళు చూస్తారు కదా సార్” అంటారు. నేను ట్రే ముందుకు తోస్తాను. ఎందుకని అడిగితే, ఇంతవరకూ ఎవరికీ నిజం చెప్పలేదు.