మామ ఆపిన పాట

పోయిన ఆదివారం వనపర్తి దవాఖానలో మా మేనమామ కన్నుమూశాడు. ఊపిరితిత్తుల జబ్బు. చూడవచ్చినవాళ్లంతా మంచి సారు పోయాడన్నారు. నిజమే. కానీ ఆ ఒక్క మాటతో ఆయన సంగతి పూర్తికాదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మామ కోడేరు సర్కారు బడిలో లెక్కలు చెప్పేవాడు. ఏటా క్రిస్మస్‌కు మా వాడకట్టు వాళ్లను ఆర్టీసీ బస్సులో మెదక్ చర్చికి, మా మాటలో గుడికి, తీసుకుపోయేది ఆయనే. బస్సెక్కగానే బడిలోలాగే హాజరు తీసుకునేవాడు. పళ్లూడిన ముసలమ్మలు కూడా "ఉన్న సారూ" అనాల్సిందే. ఆ తర్వాత కంజీర తీసి పాట అందుకుంటే హైదరాబాదు దాకా ఆపేవాడు కాదు. గొంతు గొప్పదేం కాదు, పెద్దది. డ్రైవర్లు విసుక్కున్నా ఆయనకు పట్టేది కాదు.

ఎనభైల్లో ఒక ఏడాది, నాకింకా పెళ్లి కాలేదు, కొత్తకోటలో మామ పైఅధికారి మా బస్సే ఎక్కాడు. మామ పాట ఆపేశాడు. కంజీరను సీటు కిందికి తోసి కిటికీ వైపు తిరిగాడు.

ఎందుకో మాకందరికీ తెలుసు. మామ కొలువు దళితుల కోటాలో వచ్చింది. క్రైస్తవుడని తేలితే ఆ కోటా వర్తించదు, కొలువు ఉండదు. అందుకే బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. మా వాడకట్టులో కొలువున్న ఇళ్లన్నిటి సంగతీ అంతే. మామ తెచ్చే ఆ ఒక్క జీతం మీదే ఆయన్ను కన్న మా అవ్వ, భర్త పోయిన మా అమ్మ, నేను బతికేవాళ్లం.

అధికారి నవ్వుతూ ఎక్కడికని పలకరించాడు. మామ సగం లేచి నమస్కారం పెట్టాడంతే. వెనక సీటులోంచి అవ్వ అందుకుని, "సుట్టాల పెండ్లికి పోతున్నం సారూ" అంది. ఆయన సరేనని కూర్చున్నాడు. ఆపైన ఎవరూ చెప్పకుండానే మావాళ్లంతా నోళ్లు మూసుకున్నారు. ముసలమ్మలు కూడా హైదరాబాదు దాకా కిక్కురుమనలేదు. అధికారిని చూసిన భయం కంటే ఆ నిశ్శబ్దమే తనను ఎక్కువ బాధపెట్టిందని మామ తర్వాత అమ్మతో అన్నాడట.

మెదక్‌లో మేమంతా గుడి లోపలికి పోతే ఆయన మాత్రం మెట్ల దగ్గర మా చెప్పులకూ మూటలకూ కాపలా కూర్చున్నాడు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చి ఆయన రెక్క పట్టుకుంది.

"నువ్వు నోరు మూసినవ్, నేను అబద్ధమాడిన. ఇద్దరిదీ తప్పే. లోపలికి రా కొడుకా."

"నువ్వు నా కోసం ఆడినవమ్మా. నేనెవరి కోసం మూసిన?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. ఆయన నోరు మూసుకున్నది మా అన్నం కోసం. నన్ను చదివించింది ఆ జీతమే. పెద్దయ్యాక ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. నాకు కోపమొచ్చేది కూడా.

ఆ తర్వాత కూడా ఏటా మమ్మల్ని తీసుకుపోయాడు, హాజరు తీసుకున్నాడు. పాట మాత్రం వేరేవాళ్లకు అప్పగించాడు. రిటైరైన ఏడాది మళ్లీ కంజీర పట్టాడు. మావాళ్లు మెచ్చుకుంటే చిరాకుపడ్డాడు. "కొలువు ఒడిసినంక ధైర్యం ఎవనికైనా వస్తది" అన్నాడు.

పోయిన క్రిస్మస్‌కు గుడి ఆవరణలో చాపలు పరుచుకుని సాక్ష్యాలు చెప్పుకుంటున్నాం. సాక్ష్యానికి మా దగ్గర ఒక వరస ఉంది. కష్టమొచ్చింది, ప్రార్థించాను, దేవుడు తీర్చాడు. అది విని అందరూ స్తోత్రం అంటారు. మామ దగ్గుకుంటూ లేచాడు.

"బస్సుల నా దేవుని పేరు చెప్పనీకె భయపడ్డ. పాట ఆపిన. మీ అందరి పాట గూడ ఆపిన."

మిగతాది చెబుతాడని ఎదురుచూశాం. మిగతాది లేదు. కూర్చున్నాడు.

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. ఆ ఏడే మామలాగే కోటాలో సర్కారు బడి కొలువుకు చేరిన మా వాడకట్టు యువకుడొకడు అవతలి చాప మీద నుంచి లేచి వచ్చాడు. మామ పక్కన కూర్చుని, ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తల దించుకున్నాడు.