రజియా అక్క ఈత బొమ్మలు

ఎండకు కాలిన సిమెంటు మీద తడి కాళ్లు పెడితే ఒక వాసన లేస్తుంది. ఆదివారాలు మా అపార్ట్‌మెంటు ఈతకొలనులో ఆడపిల్లలకు ఉచితంగా ఈత నేర్పుతుంటాను. ఆ వాసన తగిలిందంటే చాలు, నేనిక హైదరాబాదులో ఉండను. ఎనభైల నాటి నరసరావుపేట, ఊరి బయట మోటారు బావి, చున్నీ నడుముకు బిగించి మెట్ల మీద నిలబడ్డ రజియా అక్క. సొంత అక్కేమీ కాదు. మా వీధిలో బోర్డులు రాసే పెయింటరు గారమ్మాయి. ఇంటరు చదివి, ఇంట్లో కుట్టు మిషను తొక్కుతూ, సెలవు రోజుల్లో వీధిలోని ఆడపిల్లలకు పైసా తీసుకోకుండా ఈత నేర్పేది.

నేను మాత్రం మెట్ల దగ్గరే. మా చిన్న మామయ్య సాగర్ కాలవలో కొట్టుకుపోయాడు. అప్పటినుంచి అమ్మ దగ్గర నీళ్ల పేరెత్తకూడదు. అమ్మకు తెలియకుండా దించమని అక్కను ఎంతో బతిమాలాను. "అడక్కుండా దించనే. మీ అమ్మ సరేననాల" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. అందరూ చేపల్లా తిరుగుతుంటే నేను వాళ్ల బట్టలకు కాపలా.

అక్క దగ్గర మద్రాసు నుంచి తెప్పించుకున్న ఇంగ్లీషు ఈత పుస్తకం ఉండేది, నిండా బొమ్మలు. వారమంతా ఇంట్లో మంచం మీద కాళ్లాడించడం నేర్చుకోవడానికి తలా ఒక కాగితం ఇవ్వాలనీ, అది చూస్తే పెద్దవాళ్ల భయం కూడా పోతుందనీ ఆమె ఆశ. కోర్టు ఎదుట కొత్తగా పెట్టిన జిరాక్సు కొట్టుకు ఇద్దరం వెళ్లాం. కొట్టాయన పుస్తకాన్ని మిషను మీద బోర్లించబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. అనుమతి లేకుండా ఏ భాగమూ నకలు తీయరాదని మొదటి పేజీలో రాసుందట.

"అన్ని పుస్తకాల్లో ఉండేదేలే అమ్మాయ్. నువ్వేమన్నా అమ్ముకుంటన్నావా? ఊరికే పంచేదానికి ఎవరడుగుతారు?" అన్నాడు కొట్టాయన.

"నేను ఊరికే పంచుతానన్నా. ఆ బొమ్మలేసినాయన ఊరికే ఎయ్యలేదుగా" అంది అక్క.

దారిలో నేను ఊరుకోలేదు. "ఏందక్కా నీ చాదస్తం? మద్రాసు నుంచి ఎవరొచ్చి చూస్తారు?" అన్నాను. వాళ్ల నాన్న మిరపకాయల కొట్టుకు వేసిన బొమ్మను ఇంకో పెయింటరు దించుకుని, అడక్కుండా చుట్టుపక్కల కొట్లన్నిటికీ వేసి డబ్బు చేసుకున్నాడనీ, అది తెలిసిన రోజు నాన్న అన్నం ముట్టలేదనీ అప్పుడు చెప్పింది. "చూసి నేర్చుకోమని పుస్తకం అమ్మాడు. చూసి నేర్పుతా. దించి పంచితే ఆయన పొట్ట కొట్టినట్టే" అంది. నాకేమీ తలకెక్కలేదు. నా ఈత అటకెక్కిందనే ఏడుపు ముంచుకొచ్చింది.

మర్నాడు అక్క పుస్తకం లోపల పెట్టేసి, వరండాలో బల్ల మీద బోర్లా పడుకుంది. "నాన్నా, నువ్వా పుస్తకం చూడొద్దు. నేనెట్టా చేస్తే అట్టా గియ్యి" అంది. ఆయన బ్రష్షు కడిగి పక్కన పెట్టి పెన్సిలు అందుకున్నాడు. పుస్తకంలో పొట్టి బట్టల దొరసానులుండేవాళ్లు. ఈయన బొమ్మల్లో అమ్మాయికి చుడీదారు, నడుముకు చున్నీ ముడి, పైకి మడిచి రిబ్బను కట్టిన రెండు జడలు. ఆ బొమ్మలనే జిరాక్సు తీయించారు.

ఒక కాగితం పట్టుకుని అక్క మా ఇంటికొచ్చింది. అమ్మ చేట పక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఈ పిల్ల మనూరి పిల్ల మాదిరుందే" అంది.

"నేనే పిన్నీ. నడుముకు తాడు కట్టి నేర్పుతా. కొస నేను పట్టుకుంటా. నువ్వూ వచ్చి కూర్చో."

అమ్మ మామయ్యను తలుచుకుని ఏడ్చింది. వాడికీ ఎవరన్నా ఇట్టా నేర్పుంటే బాగుండేదంది. చివరికి కళ్లు తుడుచుకుని, "తాడు నేను పట్టుకుంటాలే" అంది. ఆ ఎండాకాలం నాకు ఈత వచ్చేసింది.

మరుసటేడు అక్కకు పెళ్లయి కృష్ణానది అవతలికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు వాళ్ల నాన్నా ఇల్లు ఖాళీ చేశాడు. మళ్లీ ఆమెను చూడలేదు. బావిలో ఆమె పెట్టిన కేకలు ఒక్కోసారి మళ్లీ వినాలనిపిస్తుంది.

ఆ కాగితం నా దగ్గరుంది. ఫోనులో ఫొటో తీసి గ్రూపులో పెడతామని నా దగ్గర ఈతకొచ్చే పిల్లల తల్లులు అడుగుతుంటారు. గీసినాయననో, గీయించిన అక్కనో అడగాలంటాను. ఇంత పాత కాగితానికి ఎవరడుగుతారని నవ్వుతారు. నవ్వనీ. మాచర్ల దాటి కృష్ణ అవతలి వాళ్లెవరు పరిచయమైనా, ఈత వచ్చిన రజియా అనే ఆవిడ తెలుసా అని ఆరా తీస్తాను. అడిగితే అక్క సరేనంటుందని నాకు తెలుసు. అయినా ఇవ్వను. అడగాల్సిన పని మిగిలుంటేనే కదా, ఆమెను వెతుక్కుంటూ పోయేది.