కేథరిన్ చెప్పిన సాక్ష్యం

కేథరిన్‌ది పగబట్టే మనసే. దానికి ఆమె సిగ్గుపడిందీ లేదు, మనం మూతి విరవాల్సిందీ లేదు. దీవిలో, మిడిల్ పాయింట్ బజార్లో ఇడ్లీ బండి మీద బతికే మనిషి. సునామీలో భర్త లాజరస్ పడవతో సహా పోయాడు. ఆ ప్రాణానికి సర్కారిచ్చిన పరిహారాన్ని మరుసటి ఏడే భర్త పిన్నికొడుకు సుందర్‌రాజ్ ఎగరేసుకుపోయాడు.

"వదినా, ఇంక చేపలమ్మే దీదీ చేతిలో కూడా సెల్లే. ఫోన్ల కంపెనీలో షేర్లు కొన్నోడే బాద్‌షా. ఎవరికీ చెప్పకు, చుట్టాలు అప్పులకి ఎగబడతారు" అన్నాడు. టవరు బొమ్మ అచ్చేసిన కాగితాలు చేతిలో పెట్టాడు. ఆర్నెల్లకి బ్యాంకులో చూపిస్తే అలాంటి కంపెనీయే లేదన్నారు. అప్పటికే సుందర్‌రాజ్ ఓడెక్కి వైజాగ్ చెక్కేశాడు.

మొగుడి ప్రాణం ఖరీదు పోగొట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటుంది? కడుపులో దాచుకుంది. ఏడేళ్లపాటు పిండితో పాటు వాణ్ణీ రుబ్బింది.

అంతలో టచ్ ఫోన్లొచ్చాయి. ఫోన్ల కంపెనీల్లో డబ్బు పెట్టాలని జనం వెర్రెత్తిపోతుంటే, దిగాడు మహానుభావుడు, కోటు తొడుక్కుని. ఆదివారం చర్చిలో లేచి దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి, కొత్త కంపెనీ పేరుతో సంఘం వాళ్ల దగ్గర పెట్టుబడులు గుంజాలని ఎత్తు. శనివారం పొద్దున్నే బండి దగ్గరికొచ్చి కవరు అందించాడు.

"నీ డబ్బులో సగం వదినా. తతిమ్మా సగం ఆరాధన అయ్యేక ఇస్తాను. లోపల చుప్‌గా ఉంటే చాలు."

ఆ సగం కూడా వస్తే బండి పోయి కొట్టు వస్తుంది. కేథరిన్ కవరు పుచ్చుకుంది.

సాక్ష్యం చెప్పేవాళ్లను ఆ సంఘంలో పాస్టరైనా మధ్యలో ఆపడు. సుందర్‌రాజ్ కొత్త కంపెనీ ఇచ్చిన దేవుడికి కృతజ్ఞతలు చెప్పి కూర్చోగానే కేథరిన్ కొంగు తలమీదికి లాక్కుని లేచింది.

"దేవునికి స్తోత్రం. నా పెనిమిటి ప్రాణం తాలూకు డబ్బుని ఈ సుందరు లేని ఫోన్ల కంపెనీలో పెట్టించేడు. నోరు ముయ్యమని నిన్న సగం ఇచ్చేడు, ఇదిగో కవరు. మీరూ ఇవ్వండి, ఏడేళ్లకి సగం వస్తాది."

సుందర్‌రాజ్ లేవబోయాడు. "కూర్చో బాబూ, ఆవిడ సాక్ష్యం అవనీ" అన్నాడో పెద్దాయన. పెట్టుబడికని డబ్బు తెచ్చినవాళ్లు గబగబా సంచులు ఒళ్లోకి లాక్కున్నారు.

క్షమించే మనసివ్వమని పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. కేథరిన్ మూసుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని జారుకుంటున్న మరిది వెనకాలే గుమ్మం దాకా వెళ్లి, చర్చి అంతా వినేలా అంది:

"సుందరూ, తతిమ్మా సగం ఇచ్చెళ్లు."