ఇరవై ఐదు మీటర్లకు చోటు

మా అమ్మాయి మొదటి ఈత పోటీకి నాకు అప్పగించిన పని ఒక్కటే, వీడియో తీయడం. మా ఆవిడకు సరిగ్గా ఆ శనివారమే ఆఫీసులో రిలీజ్ పడింది. కొత్త సాఫ్ట్‌వేర్ జనంలోకి వెళ్లే రోజున ఆమె కుర్చీలోంచి లేస్తే అది వెళ్లదు. పొద్దున లిఫ్టు దగ్గర నిలబడి చెప్పింది: "దూకిన కాడికెళ్లి గోడ ముట్టేదాక మొత్తం తియ్యి. నేను సూడాలె. నడుమల నీ వేలు రావద్దు."

పోయిన పుట్టినరోజు వీడియోలో కేకుకన్నా నా వేలే ఎక్కువసేపు కనిపించింది. అందుకని నొచ్చుకోలేదు.

పోటీ కోకాపేటలో ఒక ఆకాశహర్మ్యాల కాలనీ క్లబ్‌హౌస్‌లో. మా అత్తగారినీ అమ్మాయినీ తీసుకుని వెళ్లి, కారు మూడో బేస్‌మెంట్‌లో పెట్టి, అలవాటు ప్రకారం పక్కనున్న స్తంభం నంబరుకు ఒక ఫొటో తీశాను. ఈ చుట్టుపక్కల ఉద్యోగం చేసేవాళ్ల ఫోన్లలో పెళ్లాం పిల్లల ఫొటోలకన్నా స్తంభాల ఫొటోలే ఎక్కువ. సాయంత్రం కారు దొరకాలంటే మరో దారి లేదు.

పైకి వెళ్లి కుర్చీలో కూర్చుని, ఒకసారి చూసుకుందామని వీడియో నొక్కాను. స్టోరేజ్ నిండిపోయిందని చెప్పింది ఫోను. ఉన్న ఆఖరి జానెడు చోటు ఆ స్తంభానికి ఇచ్చేసినట్టున్నాను.

"ఏమైంది అల్లుడూ, గట్ల మొకం పెట్టినవ్?" అన్నారు అత్తగారు.

"ఫోన్ నిండిపోయిందండి."

"నిండితే ఖాళీ చెయ్యి. నువ్వు చేసే నౌకరీ గదే అంటివి గదా."

నిజమే. నేను పనిచేసేది క్లౌడ్‌లో చోటు అద్దెకిచ్చే కంపెనీలో. కాస్త ధీమాగానే ఆ బటన్ నొక్కాను. క్లౌడ్‌లోకి చేరిపోయిన ఫొటోలను ఫోన్‌లోంచి తీసేసే బటన్ అది. తీసేయడానికి ఏమీ లేవంది. ఐదు నెలలుగా ఒక్క ఫొటో కూడా పైకి వెళ్లలేదు.

కారణం నాకు వెంటనే తెలిసింది. బ్యాకప్ వైఫైలోనే జరగాలని పెట్టుకున్నాను. రోజంతా ఫోను ఉండేది ఆఫీసు వైఫైలో. అది సొంత ఫొటోలను గేటు దాటనివ్వదు, భద్రత కోసం. ఆ నిబంధన రాసిన నలుగురిలో నేనొకణ్ని. అప్పట్లో దానికి చిన్న ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఇక ఇంటికొచ్చేసరికి చార్జింగ్ అడుగంటి, ఫోను బ్యాకప్ మానేసి ప్రాణం కాపాడుకునే పనిలో ఉంటుంది.

మా అమ్మాయి వంతుకు ఇరవై నిమిషాలుంది. ఫోన్‌లో అన్నిటికన్నా లావుగా ఉన్నది వేసవిలో తీసిన పదకొండు నిమిషాల వీడియో. అమ్మాయి తొలిసారి నీళ్లలోకి దిగి, కోచ్ మెడ పట్టుకుని వదలకుండా ఏడ్చిన రోజు. మా ఆవిడ దాన్ని వారానికోసారి చూసి నవ్వుకుంటుంది. అది పైకి చేరితే ఇక్కడ కావలసినంత చోటు. చేరకముందే తీసేస్తే నాకు ఇంట్లో చోటుండదు.

మొబైల్ డేటా మీద బ్యాకప్ మొదలుపెట్టాను. ఫోను కొత్త వాటిని ముందు పంపుతుందట. మొదట నేటి స్తంభం బయల్దేరింది. దాని వెనక నిన్నటి స్తంభం, ఆ వెనక అత్తగారు రోజూ పంపే శుభోదయం ఫొటోలు. ఇలా అయితే వేసవి దాకా రావడానికి మళ్లీ వేసవి వస్తుంది. వరుస తగ్గించాలని వాటన్నిటినీ గబగబా ఎంచి ఫోన్‌లోని చెత్తబుట్టలో పడేయసాగాను. తొందరలో ఏది పడిందో నాకే తెలియదు కనుక బుట్ట ఖాళీ చేసే ధైర్యం మాత్రం చేయలేదు.

"గవి నేను పంపినయి గాదా?" అన్నారు అత్తగారు, మెడ చాచి.

"లేదండీ, ఇవి వేరేవాళ్లవి."

"గీ బంతిపూలు మా మేడ మీదియి."

నా వేలు బంతిపూల మీదే ఆగిపోయింది.

"తీసెయ్యి, తీసెయ్యి. రేపు పొద్దుగాల మళ్ల పంపుత."

వరుస తరిగి, వేసవి వీడియో కదిలింది. నలభై శాతం. మాకన్నా ముందు జట్టు ఈది, వెళ్లి తుడుచుకుంటోంది. డెబ్బై. పసుపు టోపీ పెట్టుకుని మా అమ్మాయి కొలనులో మూడో వరుస దగ్గరికొచ్చి, కెమెరా ఎక్కడుందా అని మా వైపు చూసింది. ఏ పనీ చేయని ఫోన్‌ను హుషారుగా ఊపాను. ఎనభై ఎనిమిది. పోటీ మొదలుపెట్టే ఆయన విజిల్‌ను నోటి దగ్గరికి ఎత్తాడు.

అత్తగారు లేచి నిలబడ్డారు. "ఓ సారూ, జర ఒక్క నిమిషం ఆగున్రి. మా అల్లుడు ఫోన్ ఖాళీ చేస్తుండు."

ఆయన ఆగాడు. అత్తగారి కోసం కాదు, ఐదో వరుసలో పాప కళ్లద్దాలు ఊడిపోయాయి. ఆ పాప ఎవరో గానీ చల్లగా ఉండాలి. తొంభై ఆరు. తొంభై తొమ్మిది దగ్గర ఫోను కాసేపు ఆలోచించింది. తర్వాత టిక్ పడింది. బటన్ నొక్కాను, చోటు ఇచ్చింది. ఎర్ర చుక్క వెలిగింది. విజిల్ మోగింది.

దూకింది. ఏడుస్తూ కోచ్ మెడకు వేలాడిన పిల్లే అని నాకు నమ్మకం కుదరలేదు. సగం దూరంలో రెండోది, తర్వాత ఐదోది, చివర్లో ఏం చేసిందో గానీ నాలుగోదిగా గోడ ముట్టింది. ఆరుగురిలో నాలుగు. మా అత్తగారి అరుపు విన్నవాళ్లకు మాత్రం దేశానికి పతకం వచ్చిందనిపించి ఉంటుంది. నా వేలు మాత్రం అడ్డు రాలేదు.

అక్కడి నుంచే పంపాను. కాసేపటికి మా ఆవిడ వాయిస్ మెసేజ్ వచ్చింది: "అమ్మ గొంతు తప్ప ఏం ఇనిపిస్తలేదు. నాలుగుసార్లు సూసిన. మా టీమంత నా కుర్చీ ఎనకనే ఉన్నరు. రిలీజ్ పది నిమిషాలు ఆగింది. పిల్లకు చెప్పు."

పిల్లకు చెప్పాను. తన వల్ల ఒక సాఫ్ట్‌వేర్ ఆగిందని తెలిసి, నాలుగో స్థానం గురించి అడగడమే మానేసింది.

మూడో బేస్‌మెంట్‌కు దిగాం. స్తంభాలు వందలున్నాయి. తడి జుట్టుతో అమ్మాయి, తువ్వాలు భుజాన వేసుకుని అత్తగారు, మధ్యలో నేను నిలబడి ఫోన్‌లో బుట్ట తెరిచాను. నేటి స్తంభం అందులోనే ఉంది. వెనక్కి తీసుకున్నాను.

అత్తగారు ఆ తెర వైపే చూస్తున్నారు.

"తీసేసినయి మళ్ల వస్తయా?"

"వస్తాయండి."

"అయితే నా బంతిపూలు గూడ వెనక్కి తియ్యి."

కారు దగ్గరికి నడుస్తూ ఒక్కొక్కటే వెనక్కి తీశాను.