తుపాకుల కింద పరిచిన గుడ్డ

ఆ ఏడు మా రంగంలో సంచిలో ఉండేలు దొరికినవాడిని జైల్లో వేశారు. మా బోజీ రెండు పెద్ద తుపాకులు పట్టుకుని విమానం ఎక్కాడు. ఈ రెండు సంగతులూ నా కడుపులో పక్కపక్కనే ఉండిపోయాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

రంగం అంటే రంగూనే. బోర్డుల మీద యాంగాన్ అని మార్చి చాలా కాలమైంది కానీ, మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రేవు పనికి వచ్చిన నాటి నుంచీ మా ఇళ్ళలో అదే పేరు. నేను రెండో తరగతిలోనే బడి మానేశాను. ఆ తర్వాత అక్షరాలు కూడబలుక్కుని నా అంతట నేనే నేర్చుకున్నాను. జ్ఞాపకానికి మాత్రం లోటు లేదు. ఎవరు ఏ మాట ఏ గొంతుతో అన్నారో నాలో ఉండిపోతుంది.

బోజీ అంటే పెద్ద ఆఫీసరు. సైన్యంలో చేసి దిగిపోయి వ్యాపారాల్లోకి వచ్చినవాడు. చెరువు పక్క పెద్ద ఇళ్ళ వీధిలో ఉండేవాడు. నేను ఆ ఇంట్లో వంటమనిషిని. ఆయనా ఆయన భార్యా నన్ను 'అడో' అని పిలిచేవాళ్ళు, అంటే బర్మా మాటలో పిన్నమ్మ. పిలుపు తియ్యగానే ఉండేది.

సైన్యం మళ్ళీ రాజ్యాన్ని చేతిలోకి తీసుకున్న రోజులు. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. కాల్పులు జరిగాయి. కరోనా రోగం వల్ల మామూలు జనం ఎక్కే విమానాలు అప్పటికే ఆగిపోయాయి, పెద్దవాళ్ళకి మాత్రం ఎప్పుడో ఒకటి ఎగిరేది. ఆపైన ఫోన్లూ ఎప్పుడు పడితే అప్పుడు ఆపేసేవాళ్ళు. చీకటి పడగానే ఇంటింటా గిన్నెలు, మూకుళ్ళు వాయించేవాళ్ళం. దెయ్యాన్ని ఇంట్లోంచి తరమడానికి బర్మా వాళ్ళు చేసే పని అది. ఏ దెయ్యమో అందరికీ తెలుసు.

మేముండే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా సందు కొస నుంచి ఈ కొస వరకూ తాళ్ళు కట్టి, ఆడవాళ్ళందరం మా తమేన్లు ఆరేశాం. తమేన్ అంటే అక్కడి ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే లుంగీ. మేమూ కట్టేవాళ్ళం. ఆడదాని తమేన్ కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని అక్కడి మగవాళ్ళ నమ్మకం. తూటాకి జంకనివాడు కూడా దానికి జంకుతాడు. సైనికులు వచ్చి సందు మొదట్లో ఆగిపోయి, తలెత్తి చూసి, ఒకడిని లారీ మీదకి ఎక్కించి వెదురుబొంగుతో ఒక్కొక్కటీ లాగించారు. మేం కిటికీల వెనక నుంచి చూస్తున్నాం. మా తమ్ముడి భార్య, నా మరదలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"సూడొదినా, నా లుంగీ కాడ ఎంతమంది తలొంచుకుని నిలబడ్డారో! మీ తమ్ముడు ఒక్కనాడైనా ఇలా నిలబడ్డాడేటి?"

"నిలబడకేటి? నువ్వు సూసుండవు," అన్నాడు తమ్ముడు, పళ్ళెంలో చెయ్యి తియ్యకుండా.

వాడు అలా నవ్వించడం నేను విన్న ఆఖరు రోజుల్లో అదొకటి. తన్లిన్ రేవులో గోదాము పని వాడిది. రోజూ బస్సులో వంతెన దాటి వెళ్ళేవాడు. ఒక పొద్దున వంతెన దగ్గర బస్సు ఆపి సంచులు వెతికారు. వాడి సంచిలో అన్నం క్యారేజీ, తువ్వాలు, ఒక ఉండేలు. గోదాములో బియ్యం బస్తాల మీద పడుకునే కుక్కల్ని బెదిరించడానికి పెట్టుకున్నది. కానీ వీధుల్లో కుర్రాళ్ళు సైనికుల మీద వాడేదీ అదే. బస్సు దింపి కొట్టుకుంటూ తీసుకుపోయారు. క్యారేజీ మాత్రం ఎవరో తోటి కూలీ తెచ్చి మరదలి చేతికి ఇచ్చాడు. దాని మూత కూడా తీసి లేదు.

మర్నాడు పనిలోకి వెళ్ళాను. బోజీ భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి తుపాకులు తుడుచుకుంటున్నాడు. ఆఫ్రికాలో అడవి దున్నని కొట్టడానికి వెళ్తున్నాడు. దానికి ఎప్పుడో డబ్బు కట్టేశాడు. ఊళ్ళో ఏం జరుగుతున్నా ఆ ప్రయాణం మానుకునేలా లేడు. నేను నేల మీద కూర్చుని చేతులు జోడించాను.

"బోజీ, నా తమ్ముడు. కుక్కల కోసం పెట్టుకున్న ఉండేలు అది. మీరు ఒక్క మాట చెబితే వదిలేస్తారు."

"చెబుతాను అడో, చెబుతాను. ఏడవకు. ముందు నా పెట్టె సర్దుకోనీ."

ఆ పెట్టె సర్దడం ఒక తంతు. బల్ల మీద నుంచి అది దిగితేనే నేను అన్నం గిన్నెలు పెట్టాలి, అందుకని ప్రతి మాటా నా చెవిన పడేది. తుపాకీ నుంచి బోల్టు ఊడదీసి వేరుగా పెట్టాలి. గట్టి పెట్టెకి రెండు తాళాలు ఉండాలి, తాళంచెవులు ఆయన దగ్గరే ఉండాలి. తూటాలు అందులో పెట్టకూడదు, వాటికి ఇంకో పెట్టె, ఇంకో తాళం. తూటాల బరువు మించకూడదని వంటింట్లో నేను పప్పు తూచే త్రాసు తెప్పించుకున్నాడు. మధ్యలో విమానం మారే దేశం అనుమతి వేరు, దిగే దేశం అనుమతి వేరు, ఈ దేశం నుంచి బయటికి తీసుకెళ్ళడానికి వేరు. ప్రతి చోటా పోలీసు వచ్చి తుపాకీ మీద నెంబరు చదివి, సలాం కొట్టి పంపాలి.

"తుపాకీకి కూడా పాస్‌పోర్టు ఉంటుంది, తెలుసా అడో?" అన్నాడు ఒకరోజు సంబరంగా.

నా తమ్ముడు ఏ గదిలో ఉన్నాడో చెప్పే కాగితం ముక్క మాకు ఒక్కటీ లేదు. జైలు గేటు దగ్గర మరదలు రోజూ అన్నం మూట పట్టుకుని నిలబడి, మూటతోనే తిరిగి వచ్చేది.

బోజీ కారు డ్రైవరు మా పేట వాడే, మన తెలుగువాడే. నన్ను పెద్దమ్మా అనేవాడు. ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మం దగ్గర అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేశాడు.

"పెద్దమ్మా, నీకు సెప్పకుండా ఈ అన్నం దిగట్లేదు."

"ఏటిరా?"

"జైలు పెద్దాయనే ఫోన్ సేసాడు. మీ వంటావిడ తమ్ముడంట కదా, వదిలెయ్యమంటారా అని. ఫోన్ స్పీకర్లో ఎట్టాడు, నాను బండి నడుపుతూ యిన్నాను. ఈయనేటన్నాడో తెలుసా? ఆడు బయటికొస్తే ఆవిడ పని మానేసి ఎల్పోద్ది, ఆవిడ సేపల పులుసు లేందే నాకు ముద్ద దిగదు, ఉంచండి కొన్నాళ్ళు, అన్నాడు. అని నవ్వాడు పెద్దమ్మా."

ఆ పూట కూడా పొయ్యి మీద చేపల పులుసే ఉడుకుతోంది. నేను గరిటె పెట్టి కలుపుతూనే ఉన్నాను. పులుసులో ఏమైనా కలిపేద్దామని తలపు రాలేదని అనను. వచ్చింది. ఒకసారి కాదు. కానీ వాడు చస్తే నా తమ్ముడు బయటికి రాడు. వాడు బతికి ఉండాలి, నా తమ్ముడు రావాలి, వాడు మాత్రం తలెత్తుకోలేకపోవాలి. ఎలాగో తెలియలేదు. బల్ల మీద పులుసు వడ్డించి, "ఉప్పు సరిపోయిందా బోజీ?" అని అడిగాను.

"బంగారం లాంటి చెయ్యి నీది," అన్నాడు.

దారి ఆయన ఇంట్లో నుంచే వచ్చింది. బోజీకి జోస్యుడు చెప్పందే గోళ్ళు తీసుకునే అలవాటు కూడా లేదు. ఆ జోస్యుడు వచ్చి, ఇనుము సముద్రం దాటుతోంది కాబట్టి ఇనుముకి పూజ చేసే మతం వాళ్ళ చేత దానికి శాంతి చేయించమన్నాడు. ఆయన భార్య వెంటనే నన్ను పిలిచింది. ప్రతి దసరాకీ నేను వాళ్ళ వంటింటి కత్తిపీటకీ, రుబ్బే మిషనుకీ, కారుకీ పసుపూ కుంకుమా పెట్టడం ఆమె చూసేది.

"అడో, నీ కత్తిపీటకి చేసినట్టే తుపాకులకీ చెయ్యి."

"చేస్తాను," అన్నాను. "కింద పరవడానికి గుడ్డ మా ఇంటి నుంచి తెస్తాను. పూజ గుడ్డ వేరే ఉంటుంది."

ఆ సాయంత్రం మరదలికి డ్రైవరు చెప్పిన మాట చెప్పాను, పూజ సంగతీ చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. లేచి లోపలికి వెళ్ళి, కట్టి కట్టి మెత్తబడిన తన తమేన్ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. సైనికులు బొంగుతో లాగి కాలవలో పడేస్తే ఏరి తెచ్చుకున్నదే. పువ్వులు లేని ఎర్రటి నూలు గుడ్డ.

"నా పెనిమిటి కోసం నానే ఇస్తన్నాను. పట్టుకెల్లొదినా. ఆ తుపాకులు దీని మీదే తొంగోవాలి."

"తెలిస్తే?"

"ఎలా తెలుస్తాది? నడుం పట్టీ ఇప్పేత్తే ఉత్త గుడ్డే కదా."

తమేన్‌కి పైన నడుము దగ్గర నల్ల పట్టీ కుట్టి ఉంటుంది, దాన్ని బట్టే అది ఆడవాళ్ళదని తెలుస్తుంది. ఇద్దరం దీపం దగ్గర కూర్చుని ఆ కుట్టు ఒక్కో పోగూ ఊడదీశాం. పక్క కుట్టు కూడా విప్పి, ఉతికి, మడత పెట్టాం.

పూజ చక్కగా చేశాను, అబద్ధమెందుకు. కింద ఆ గుడ్డ పరిచాను. బోజీ తన చేతులతో రెండు తుపాకులూ దాని మీద పడుకోబెట్టాడు. పసుపు బొట్లు పెట్టాను. బంతిపూలు పెట్టాను. నిమ్మకాయ కోశాను. కర్పూరం వెలిగించబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"తూటాలు పక్క గదిలో ఉన్నాయి కదా, అడో? గొట్టంలో పసుపు పొయ్యకు. విమానాశ్రయంలో అదేం పొడి అని అడుగుతారు."

"పొయ్యను బోజీ. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోండి."

కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గుడ్డకి నుదురు ఆనించి మొక్కాడు. సైనికుల చేత మా సందులో తమేన్లు లాగించిన వాళ్ళలో ఈయన స్నేహితులు ఎంతమందో! దేవుడికి నేను ఏం చెప్పుకున్నానో ఇక్కడ రాయను. అది ఆయన గురి తప్పకుండా ఉండాలని మాత్రం కాదు.

"ఈ గుడ్డ పెట్టెలోనే ఉండాలి బోజీ. తిరిగి ఇల్లు చేరేదాకా తియ్యకూడదు," అన్నాను. ఆయనే సర్ది, రెండు తాళాలూ వేసుకున్నాడు.

దున్న చచ్చింది. నా పూజ వల్ల కాదు, నా మొక్కు దాన్ని ఆపనూ లేదు. ఫోన్లు పనిచేసిన ఒక పూట ఆయన భార్య వంటింట్లోకి పరుగెత్తుకు వచ్చి ఫొటో చూపించింది. కొండంత నల్ల దున్న, వంకర కొమ్ములు. దాని మీద చెయ్యి వేసి, ఒళ్ళో తుపాకీ పెట్టుకుని బోజీ. తలకి ఎర్రటి గుడ్డ తలపాగాలా చుట్టుకున్నాడు.

"నీ పూజ గుడ్డే అడో! ఎండకి కట్టుకున్నారట. అది కట్టిన రోజే దున్న పడిందట. ఆఫీసర్లందరికీ ఈ ఫొటో పంపారు."

నేను పొయ్యి వైపు తిరిగి దగ్గాను. ఎంతసేపు దగ్గానో! ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. ఇంటికి వెళ్ళి మరదలికి చెబితే నేల మీద పడి దొర్లింది. తమ్ముడిని తీసుకుపోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

ఆయన తిరిగి వచ్చాక ఆ ఫొటోని తలుపంత చేయించి హాల్లో పెట్టాడు. గుడ్డని దేవుడి అరలో పైన పెట్టమని భార్యకి ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురులోకి పట్టుకుని, అంచు వెంట బొటనవేలు పోనిచ్చింది. ఊడదీసిన కుట్టు సూది బెజ్జాలు అక్కడ వరసగా ఉన్నాయి. ఆమె నా వైపు ఒకసారి చూసింది. తర్వాత గుడ్డని నాలుగు మడతలు పెట్టి, బుద్ధుడి అరలో కాకుండా, బోజీ టోపీలు పెట్టుకునే అరలో పెట్టి తలుపు మూసింది. ఆయనకి ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు.

పండగకి జైళ్ళలోంచి చాలామందిని వదిలారు. ఆ గుంపులో తమ్ముడూ వచ్చాడు. సగం మనిషయ్యాడు. కుడి చెవి వినపడదు. బోజీ నన్ను పిలిచి, "చూశావా? నా మాటే," అన్నాడు. నేను వంగి దణ్ణం పెట్టాను. చేపల పులుసు వండి పెట్టాను. నోటి దాకా వచ్చిన మాటని ఆ రోజు మింగినంత కష్టంగా నేను దేన్నీ మింగలేదు. చెబితే రేపు మళ్ళీ తమ్ముడిని తీసుకుపోతారు.

"ఆడికి తెలవాలక్కా," అన్నాడు తమ్ముడు, సంగతంతా విన్నాక. "తెలవకపోతే మనం నవ్వుకున్నట్టే గానీ ఆడికి తగిలినట్టు కాదు."

"ముందు నువ్వు ఆడికి దొరకని సోటికి సేరు," అన్నాను.

చేరడానికి చాలా కాలం పట్టింది. ముగ్గురం ఒకే బస్సులో కాకుండా, వేరువేరుగా, సరిహద్దు నది దాటి వచ్చేశాం. ఇక్కడ, నది ఇవతలి దేశంలో, అద్దె గదిలో దిగి సామాను కూడా విప్పకముందే కొత్త నెంబరు నుంచి ఫోన్ చేశాను. తమ్ముడు ఎడమ చెవి ఫోనుకి ఆనించి కూర్చున్నాడు.

"బోజీ, నేను మీ అడోని."

"ఎక్కడ చచ్చావు? చెప్పకుండా పోతావా? ఇక్కడ తిండి లేదు!"

"మీరు ఆఫ్రికాలో తలకి చుట్టుకున్న గుడ్డ సంగతి చెబుదామని చేశాను. అది నా మరదలు కట్టి విడిచిన తమేన్. దాని నడుం పట్టీ నా దగ్గరే ఉంది. మీరు దానికి మొక్కారు, నెత్తిన పెట్టుకున్నారు, ఆ ఫొటో ఆఫీసర్లందరికీ పంపారు. మీ డ్రైవరుకి చెప్పాను. అందరి డ్రైవర్లకీ తెలిసిపోయి ఉంటుంది ఈపాటికి."

అవతల టక్కున ఫోన్ పెట్టేశాడు.

"ఏటన్నాడు?" అంది మరదలు.

"ఎట్టేసాడు."

తమ్ముడు చెవి తుడుచుకుని ఇటు జరిగి కూర్చున్నాడు. "నాకు సరిగ్గా యినపడలేదక్కా. మల్లీ సెయ్యి."

మళ్ళీ చేశాను.