ఫోను రాసిన పేరు

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. కోటబొమ్మాళి దగ్గర మా పొలం శ్మశానాన్ని ఆనుకునే ఉంటుంది. అక్కడ ఒంటరిగా కలుపు తీసినదాన్ని. ఇది దెయ్యం సంగతి అని కూడా అనను. ఏమిటో మాత్రం నాకు తెలియదు.

నాకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోది పుట్టగానే మా అత్త దాన్ని చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటామె గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు తీసుకుని, మళ్లీ నా ఒళ్లో పెట్టింది. చావు కన్ను పడకూడదని పెంటమ్మ అన్నారు. నేను మాత్రం మనసులో నీలవేణి అనుకున్నాను. పైకి అంటే పిల్ల దక్కదని భయం. ఇరవై ఏళ్లలో ఆ పేరు మా ఆయనతో కూడా అనలేదు. రాసి ఉంటానా అంటే, నాకు సంతకం తప్ప రాదు.

నెట్టు చవకైన రోజుల్లో పెంటమ్మ విజయనగరం హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. సెలవులకొచ్చి నాకో ఫోను ఇచ్చింది. మైకు బొమ్మ నొక్కి మాట అంటే, ఆ మాట అక్షరాలై కనబడుతుంది.

"నువ్వు సెప్పు, అది రాస్తాది. సూసి సదువుకో. దానంత ఓపికున్న మేస్టారు నీకు దొరకడే" అని నవ్వింది.

రోజూ అన్నం తిన్నాక కూర్చునేదాన్ని. వంకాయ. మేక. రైలు. రెండు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది.

ఒక మధ్యాహ్నం మైకు నొక్కాను. ఇంట్లో ఎవరూ లేరు. ఏ మాట అందామా అని ఆలోచిస్తున్నాను, ఇంకా నోరు తెరవలేదు. అక్షరాలు వచ్చాయి. వేలు పెట్టి చదివాను. నీ. ల. వే. ణి.

వెంటనే పెంటమ్మకు ఫోన్ చేశాను. ఒంట్లో బాగానే ఉందంది. నేను స్థిమితపడేలోగా అదే అడిగింది.

"అమ్మా, నీలవేణి ఎవులే? పొద్దుట్నుంచి నా ఫోను తెరిస్తే సాలు, నమస్తే నీలవేణీ అంతన్నాది."

"ఏటోనే. తీసీ అది."

"ఎందుకు తియ్యడం? పెంటమ్మా అంటే కాలేజీలో అందరూ నవ్వుతన్నారు. ఈ పేరు బాగున్నాది, ఇదే ఎట్టేసుకుంటాను."

వద్దని ఏడ్చాను. కారణం చెబితే ఆ పేరు నేను పెట్టిందేనని ఒప్పుకున్నట్టు. ఒప్పుకోవడమూ పిలవడమే అనిపించింది.

నేను అనని మాట ఫోను ఎలా రాసిందని అడిగితే ఫోన్ల షాపాయన, "నిద్దట్లో అనేసుంటావమ్మా, ఈ ఫోన్లు అన్నీ వింతాయి" అన్నాడు. నాకు నిద్రలో మాట్లాడే అలవాటే లేదని మా ఆయన అంటాడు.

పిల్ల కాగితాల్లో కూడా పేరు మార్చుకుంది. ఇవాళ్టికి బాగానే ఉంది. నా మనసులోది ఆ ఫోన్లకు ఎలా చేరిందో ఎంత ఆలోచించినా అందదు.

"అందరూ పిలుస్తన్నారు. నువ్వూ ఓపాలి పిలువే అమ్మా" అంటుంది.

నేనింకా పిలవలేదు.